నోట్లు వెనక్కి తీసుకుంటే డెబిట్ కార్డుకు ఏమవుతుంది? ఏటీఎం వెనక గదిలో పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న ఇదీ: "500 నోటు కూడా ఆపేస్తున్నారని వాట్సాప్‌లో తిరుగుతోంది. అదే నిజమైతే నా డెబిట్ కార్డు మామూలుగా పనిచేస్తుందా? 2016లో మా నాన్న కార్డు చేతిలో ఉండి కూడా వారాల తరబడి క్యూలో నిలబడ్డారు. అందుకే టెన్షన్."

ముందు ఆ మెసేజ్ సంగతి తేల్చేద్దాం. 2025 ఏప్రిల్ 28న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. జనానికి 100, 200 నోట్లు తేలిగ్గా దొరకాలి కాబట్టి, ఆ ఏడాది సెప్టెంబరు 30 కల్లా 75 శాతం ఏటీఎంలలో, 2026 మార్చి 31 కల్లా 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ (మిషన్ లోపల నోట్లుండే పెట్టె) నుంచి 100 గానీ 200 గానీ రావాలి అన్నది దాని సారాంశం. 500 ఆపమని అందులో ఎక్కడా లేదు. చిన్న నోట్లు పెంచమన్న మాట చేతులు మారి మారి పెద్ద నోటు రద్దయిపోయింది! 500 నోటు ఆపే ఆలోచన లేదని ప్రభుత్వం పార్లమెంటులో కూడా చెప్పింది.

ఇక అసలు ప్రశ్న. నోట్లు రద్దయినా, వెనక్కి తీసుకున్నా కార్డు చెల్లకుండా పోదు. ఖాతాలో 40,000 ఉంటే అది 40,000గానే ఉంటుంది, ఏ నోటు రూపంలో వేశారన్నది ఖాతాకు గుర్తుండదు. ఇబ్బంది వచ్చేది కార్డు పెట్టే చోట, అంటే ఏటీఎంలోనూ దుకాణంలోని స్వైప్ మిషన్‌లోనూ. ఈ రెండింటికీ తగిలే దెబ్బ ఒకటి కాదు. మీ నాన్నగారికి తగిలింది మొదటిది. స్వైప్ మిషన్ అనే రెండో దారి గురించి ఆ రోజుల్లో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో చేసి రిటైరయ్యాను. 2016 నవంబరులో గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్ బ్రాంచికి మేనేజరుని. బ్రాంచికి ఆనుకునే ఏటీఎం. దాంట్లో డబ్బు నింపడం మా స్టాఫ్ పనే కాబట్టి వెనక తలుపు తాళం మా దగ్గరే ఉండేది.

ఏటీఎం లోపల నాలుగు పెట్టెలుంటాయి, వాటినే క్యాసెట్లంటాం. ఒక్కో దాంట్లో రెండు వేల నుంచి రెండున్నర వేల నోట్లు పడతాయి. మా మిషన్‌లో ఒకటి 100 నోట్లకు, మిగతా మూడూ 500, 1000కి. నవంబరు 8 రాత్రి ప్రధాని ప్రకటనతో ఆ మూడూ పనికిరాకుండా పోయాయి. మిగిలింది వంద పెట్టె ఒక్కటి. అప్పుడు కార్డుకు రోజుకు 2,000 పరిమితి, అంటే మనిషికి ఇరవై వంద నోట్లు. పెట్టె నిండా 2,500 నోట్లు కుక్కినా 125 మందికి సరి. పొద్దున పదింటికి నింపితే పన్నెండున్నరకు ఖాళీ. 126వ మనిషి కార్డులో ఏ లోపమూ లేదు, ఖాతాలో డబ్బుంది, బ్యాంకు సర్వర్ పనిచేస్తోంది. కానీ తెర మీద "నో క్యాష్". "కార్డు పనిచేయట్లేదు" అని ఆ నెలంతా మా కౌంటరు ముందు విన్న ఫిర్యాదుల్లో చాలా భాగం ఇదే.

కొత్త 2,000 నోటు వచ్చాక తేలికవుతుందనుకున్నాం. తీరా చూస్తే దాని కొలత వేరు. పాత 1000 నోటు 177 మిల్లీమీటర్ల పొడవు, 73 వెడల్పు. కొత్త 2,000 నోటు 166 పొడవు, 66 వెడల్పు. క్యాసెట్ లోపల నోటును అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచే పట్టీలుంటాయి. వాటిని జరపాలి, ఏ పెట్టెలో ఏ నోటుందో మిషన్‌కు సాఫ్ట్‌వేర్‌లో చెప్పాలి, ఆ తరవాత పరీక్షగా కొన్ని నోట్లు తీయించి చూడాలి. ఇది దేశమంతా రెండు లక్షల పైచిలుకు ఏటీఎంలలో, ఒక్కో దాని దగ్గరకు ఇంజనీరు వెళ్ళి చేయాల్సిన పని. దీనికోసమే రిజర్వు బ్యాంకు అప్పటి డిప్యూటీ గవర్నర్ ఎస్.ఎస్. ముంద్రా ఆధ్వర్యంలో ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. మా మిషన్ దగ్గరకు వచ్చిన కుర్రాడు ఆ రోజుకు అది తొమ్మిదోదన్నాడు. నేల మీద కూచుని, టార్చి నోట్లో పెట్టుకుని పట్టీలు సర్దుతుంటే బయట క్యూలో వాళ్ళు తలుపు తడుతూనే ఉన్నారు. కొత్త నోట్లతో ఇంకో తంటా, అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. కట్టను విసనకర్రలా రెండుసార్లు విదిలించి పెట్టకపోతే జంటగా వస్తాయి, మిషన్ పసిగట్టి రెండింటినీ రిజెక్ట్ బిన్‌లో పడేస్తుంది. మొదటి రోజు మా ఆ బిన్ నిండిపోయి మిషనే ఆగిపోయింది.

అన్నీ సర్దాక పరిమితి మెల్లగా పెరిగింది. సర్దిన ఏటీఎంలలో 2,500, జనవరి 1 నుంచి 4,500, జనవరి 16 నుంచి 10,000. పొదుపు ఖాతాల మీద వారానికింత అన్న పరిమితి 24,000 నుంచి ఫిబ్రవరి 20న 50,000కి పెరిగి, 2017 మార్చి 13న పూర్తిగా పోయింది. అంటే దాదాపు నాలుగు నెలలు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ పరిమితులన్నీ నగదు తీయడం మీదే. కార్డు గీకి సరుకు కొంటే, చెక్కు ఇస్తే, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పంపితే ఆ పరిమితి లేదు. ఏటీఎంలో 2,000 దాటి తీయలేని మనిషి అదే కార్డుతో అదే రోజు దుకాణంలో 15,000 పెట్టి ఫ్రిజ్ కొనుక్కోవచ్చు. ఇప్పటికీ అంతే, మీ కార్డుకు ఏటీఎం పరిమితి వేరు, స్వైప్ పరిమితి వేరు. నూటికి తొంభై మందికి ఈ సంగతి అప్పుడు తెలియదు. డెబిట్ కార్డును "ఏటీఎం కార్డు" అని పిలిచే అలవాటే మన కొంప ముంచిందని నా అనుమానం.

మా ఖాతాదారు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన రోజూ ఎండలో నిలబడి 2,000 తీసుకునేవారు. ఎందుకంటే మందులకు. ఆయన మందులు కొనే షాపులో స్వైప్ మిషన్ ఉందని నాకు తెలుసు.

"మాస్టారూ, అక్కడే కార్డు ఇవ్వొచ్చు కదా?" అన్నాను.

"ఇస్తే వాడు నా పెన్షన్ మొత్తం లాగేసుకోడని ఏమిటండీ గ్యారంటీ?"

సాయంత్రం ఆయనతో పాటు నేనే వెళ్ళాను. షాపు కుర్రాడు అంకె కొట్టాక తెర తిప్పి చూపించమన్నాను. 640 అని ఉంది. "ఇప్పుడు చూశారుగా, పిన్ నొక్కితే పోయేది ఇంతే" అన్నాను. ఆయన ఎడమ చేయి అడ్డం పెట్టి, ఒక్కో అంకె ఆలోచించి నొక్కారు. చీటీ వచ్చింది, ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఆ చీటీని మడత పెట్టి పాస్‌బుక్‌లో దాచుకున్నారు. మర్నాడు క్యూలో ఆయన లేరు. కానీ క్యూ తగ్గలేదు, అది వేరే విషయం.

ఈ ఒక్క మనిషి కథను దేశం మొత్తానికి పెంచి చూడండి. రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు, అంటే అప్పటికి చలామణిలో ఉన్నదాంట్లో దాదాపు 86 శాతం. దాంట్లో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చాయి. లోపలికి రావడానికి తలుపు బార్లా తెరిచి, నగదుగా బయటికి పోవడానికి సందు మాత్రమే వదిలారు. ఖాతాల్లో పేరుకున్న డబ్బుకు కార్డు రెండో దారి అయింది. 2016 అక్టోబరులో దేశంలో డెబిట్ కార్డుతో దుకాణాల్లో చేసిన చెల్లింపులు సుమారు 14 కోట్లు. డిసెంబరులో సుమారు 41 కోట్లు. రెండు నెలల్లో మూడింతలు!

ఇంత బరువు మోయడానికి దుకాణాల వైపు ఏర్పాట్లు లేవు. అప్పటికి డెబిట్ కార్డులు 70 కోట్లకు పైగా ఉంటే స్వైప్ మిషన్లు సుమారు 15 లక్షలు, అవీ ఎక్కువగా నగరాల్లోనే. మా బ్రాంచిలో మిషన్ కావాలని దరఖాస్తు పెట్టిన కిరాణా, ఎరువుల షాపుల వాళ్ళు నెలకు పైగా ఆగారు. దేశం మొత్తం మీద 2017 మార్చికి ఆ లెక్క 25 లక్షలకు చేరింది. కానీ అప్పటికి ఏటీఎంలలో నోట్లు తిరిగొచ్చేశాయి.

కార్డుల వైపు కూడా సవాలక్ష. జన్‌ధన్ ఖాతాలతో ఇచ్చిన రూపే కార్డులు చాలా ఇళ్ళలో కవరు విప్పకుండా బీరువాలో ఉన్నాయి. తీసి వాడబోతే పిన్ కాగితం కనపడదు. మూడుసార్లు తప్పు పిన్ నొక్కేసరికి కార్డు బ్లాకు. కొందరు కార్డు వెనకాలే పెన్నుతో పిన్ రాసుకున్నారు, దాన్ని చూసి నాకు చెమటలు పట్టేవి. పైగా ఆ ఏడాది అక్టోబరులోనే, ఒక ఏటీఎం వ్యవస్థలో మాల్‌వేర్ చొరబడిందని దేశంలో సుమారు 32 లక్షల కార్డుల భద్రత మీద అనుమానం వచ్చి బ్యాంకులు వాటిని బ్లాకు చేసో, పిన్ మార్పించో ఉన్నాయి. సరిగ్గా కార్డు అవసరం పడ్డ నెలలో కొందరికి కొత్త కార్డు ఇంకా పోస్టులోనే ఉంది.

మీరు తప్పక తెలుసుకోవాల్సింది "డిక్లైన్ అయింది, కానీ డబ్బు కట్ అయింది" అనే బాధ. దుకాణంలో కార్డు గీకినప్పుడు కబురు మిషన్ నుంచి ఆ మిషన్ ఇచ్చిన బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కుకు, అక్కడి నుంచి మీ బ్యాంకుకు పోతుంది. మీ బ్యాంకు ఖాతాలోంచి తీసి "సరే" అని అదే దారిలో జవాబు పంపాలి. రద్దీ ఎక్కువైనప్పుడు వెళ్ళిన కబురు చేరుతుంది, వచ్చే జవాబు ఆలస్యమవుతుంది. మిషన్ ఎదురుచూసి చూసి "ఫెయిల్" అంటుంది. మీ ఖాతాలో మాత్రం డబ్బు తగ్గిపోయి ఉంటుంది. 2016 డిసెంబరులో ఒక పెట్రోలు బంకులో నాకే ఇది జరిగింది. బంకు కుర్రాడు "మళ్ళీ గీకండి సార్, పోలేదు" అన్నాడు, గీకాను. రెండుసార్లూ పోయింది. బ్యాంకు మేనేజరునై ఉండి నా 1,500 తిరిగి రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఇప్పుడు నియమాలు కాస్త గట్టిగా ఉన్నాయి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో డబ్బు తగ్గినా, దుకాణంలో కట్ అయి వ్యాపారికి కబురు అందకపోయినా, ఆ రోజు తరవాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే పరిహారం ఇవ్వాలి, మీరు అడగకపోయినా. అయినా రెండోసారి గీకే ముందు మెసేజ్ చూసుకోండి, మిషన్ ఇచ్చిన "డిక్లైన్డ్" చీటీ అడిగి తీసుకోండి. ఫిర్యాదు పెడితే అదే సాక్ష్యం.

వ్యాపారి ఏడుపు కూడా అర్థం చేసుకోవాలి. కార్డు చెల్లింపు మీద అతను బ్యాంకుకు కొంత రుసుము ఇచ్చుకోవాలి, దాన్నే ఎండీఆర్ అంటారు. నగదైతే సాయంత్రం గల్లా పెట్టెలో ఉంటుంది, కార్డు డబ్బు మర్నాడో ఎల్లుండో ఖాతాలో పడుతుంది. అతనికి సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్ళు మాత్రం నగదే అడుగుతారు. అందుకే "కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా" అనేవాళ్ళు. అలా కొనేవాడి మీద వేయకూడదు, రిజర్వు బ్యాంకు కూడా అదే చెప్పింది. నోట్ల రద్దు సమయంలో ఈ రుసుమును కొంతకాలం ఎత్తేశారు. 2017 జనవరి నుంచి 1,000 లోపు 0.25 శాతం, 2,000 లోపు 0.5 శాతానికి తగ్గించారు. అదే నెలలో రుసుము తమ మీద పడుతుందని పెట్రోలు బంకుల యజమానులు కార్డులు తీసుకోబోమని ప్రకటించి, తరవాత వాయిదా వేసుకున్నారు. ఒక పక్క డిజిటల్‌గా పెట్రోలు కొట్టించుకుంటే 0.75 శాతం తగ్గింపు, ఇంకో పక్క కార్డే వద్దనడం! 2020 జనవరి నుంచి రూపే డెబిట్ కార్డుకు, యూపీఐకి ఈ రుసుము సున్నా.

మరి గీకడం అలవాటైపోయిందా అంటే, సగమే. డిసెంబరులో 41 కోట్లున్న దుకాణాల కార్డు చెల్లింపుల లెక్క 2017 జనవరిలోనే 33 కోట్ల దగ్గరకు దిగింది. 2018 మార్చి కల్లా చలామణిలోని నోట్ల విలువ 18 లక్షల కోట్లకు చేరి, రద్దుకు ముందున్న స్థాయిని దాటేసింది. ఆ ఏప్రిల్‌లో, ఏ రద్దూ లేకుండానే, మన రెండు రాష్ట్రాల్లో ఏటీఎంలు మళ్ళీ ఖాళీ అయ్యాయి, గుర్తుండే ఉంటుంది. అప్పుడు మాత్రం జనం 2016లో లాగా బెంబేలెత్తలేదు. షాపులో గీకేవాళ్ళు గీకారు, ఫోన్‌తో పంపేవాళ్ళు పంపారు.

2023 మే 19న 2,000 నోటును వెనక్కి తీసుకున్న తీరు వేరు. దాన్ని రద్దు అనడం తప్పు, ఆ నోటు ఇప్పటికీ చట్టబద్ధంగా చెల్లుతుంది. విలువ 3.56 లక్షల కోట్లు, చలామణిలో పదో వంతుకు కాస్త ఎక్కువ. అప్పటికే చాలా ఏటీఎంలలో 2,000 పెట్టడం మానేశారు కాబట్టి క్యాసెట్లు సర్దే పని పెద్దగా పడలేదు. నగదు తీయడం మీద పరిమితి పెట్టలేదు. మార్చుకోవడానికి అక్టోబరు 7 దాకా గడువిచ్చారు. కార్డు వాడేవాడికి ఆ నాలుగున్నర నెలల్లో తేడానే తెలియలేదు. బీరువా సర్దుతుంటే మీకు ఇప్పుడు ఒక 2,000 నోటు దొరికినా భయం లేదు. హైదరాబాదు సైఫాబాదులో ఉన్న రిజర్వు బ్యాంకు కార్యాలయంలో ఇవ్వొచ్చు, లేదా పోస్టులో పంపితే మీ ఖాతాలో వేస్తారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కార్డుకు ఇబ్బంది ఎంత అన్నది తీసేసిన నోటు వాటా ఎంత, గడువు ఎంత, ఏటీఎం పెట్టెల్లో ఆ నోటే ఉందా అన్న మూడింటిని బట్టి ఉంటుంది. ఇవాళ ఏటీఎంలలో ఎక్కువ పెట్టెలు 500వే. దాన్ని రాత్రికి రాత్రి ఆపితే మళ్ళీ 125 మంది లెక్కే. నెలల గడువిచ్చి ఆపితే ఏమీ కాదు. 100, 200 పెట్టెలు పెంచమన్న ఆ సర్క్యులర్ నిజానికి మనకు మంచిదే చేస్తోంది.

ఇంకో మార్పు కూడా ఉంది. 2016 డిసెంబరులో యూపీఐ లావాదేవీలు నెలకు సుమారు 20 లక్షలు. 2023 ఆగస్టులో నెలకు 1,000 కోట్లు దాటాయి. కాబట్టి ఈసారి నోట్లకు కరువొస్తే జనం ముందు ఫోన్ తీస్తారు, కార్డు తరవాతే. అలాగని కార్డును బీరువాలో పారేయకండి. యూపీఐ మొరాయించిన రోజున కార్డు వేరే దారిలో పోతుంది కాబట్టి పని జరగొచ్చు. మీ బ్యాంకు సర్వరే పడిపోతే మాత్రం రెండూ ఆగుతాయి. అందుకే నేను రెండు బ్యాంకుల్లో ఖాతాలు పెట్టుకున్నాను, రెండో దాంట్లో ఒక నెల ఖర్చుకు సరిపడా ఉంచుతాను. ఇంట్లో వారానికి సరిపడా 100, 200 నోట్లు ఉంటాయి. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది.

మీ నాన్నగారి కోసం చేయాల్సింది ఇంతే. కార్డు గడువు తేదీ చూడండి. ఒకసారి ఏదైనా షాపులో చిన్న మొత్తానికి ఆయన చేతే గీకించండి, పిన్ గుర్తుందో లేదో అక్కడే తెలుస్తుంది. 2020 అక్టోబరు తరవాత ఇచ్చిన కార్డయితే ఆన్‌లైన్, ట్యాప్ సదుపాయాలు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి, బ్యాంకు యాప్‌లో చూడండి. అక్కడే ఏటీఎం పరిమితి, షాపు పరిమితి విడివిడిగా కనిపిస్తాయి. నోట్ల వార్త వచ్చిన ప్రతిసారీ "మీ కార్డు బ్లాకయింది, ఓటీపీ చెప్పండి" అనే ఫోన్లు మొదలవుతాయి, ఆయనకు ముందే చెప్పి ఉంచండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ళ మోసం వల్ల పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవాళ్ళకు నష్టం పడదు. ఓటీపీ మనమే చెప్పామంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మన నష్టమే.

ఒకవేళ నిజంగానే ఎప్పుడైనా నోట్లు ఆపితే, వేరేవాళ్ళ నోట్లు మీ ఖాతాలో వేసి కమిషన్ తీసుకునే పని మాత్రం పెట్టుకోవద్దు. 2016లో అలా వేయించుకున్న మా ఖాతాదారులు కొందరు ఆ తరవాత ఆదాయపన్ను నోటీసు పట్టుకుని మా బ్రాంచికే వచ్చారు. వాళ్ళకు ఆ డబ్బు ఇచ్చినవాళ్ళు అప్పటికి ఫోన్లు ఎత్తడం మానేశారు.

కార్డు ఏ బ్యాంకుదో, రూపేనా వీసానా చెబితే పరిమితులు యాప్‌లో ఎక్కడుంటాయో రాస్తాను. కార్డు నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి.